డ్రైవరు కారు గుద్దాడు, ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మాది కడప. మా ఇంట్లో రెండేళ్లుగా ఒక అబ్బాయి పనిచేస్తున్నాడు. సరుకులు తేవడం, మొక్కలకు నీళ్లు పెట్టడం, మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లడం, కారు నడపడం అన్నీ అతనే చూస్తాడు. జీతం నెలకు 14,000. మొన్న ఆదివారం మైదుకూరులో పెళ్లికి వెళ్లాం. మమ్మల్ని దింపి పెట్రోలు పోయించుకొని రమ్మంటే వెళ్లి, తిరిగొస్తూ ఆటోను గుద్దాడు. ఆటో నడిపే ఆయనకు కాలు విరిగింది. మా వాడికి ముంజేయి చిట్లింది. కారుకు మూడున్నరేళ్లు, 1,197 సీసీ. షెడ్డులో 1,34,000 ఎస్టిమేట్ ఇచ్చారు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. జీతంలో నెలకు 5,000 పట్టుకోమనీ, వాళ్ల నాన్నతో ప్రామిసరీ నోటు రాయించుకోమనీ మా బావగారు అంటున్నారు. మా వారు నడిపినట్టు రాస్తే క్లెయిమ్ సులువని షెడ్డువాళ్లు చెబుతున్నారు. ఆటో ఆయన తరఫు పెద్దమనుషులు 2 లక్షలు ఇస్తే రాజీ అంటున్నారు. లైసెన్సు ఉందని అబ్బాయి చెప్పాడు కానీ మేం ఎప్పుడూ చూడలేదు. ఎవరు ఎంత కట్టాలి?

సమాధానం: అమ్మా, డబ్బు లెక్కకు ముందు ఆ అబ్బాయి లైసెన్సు చేతికి తీసుకొని చూడండి. మీరడిగిన వాటిలో సగానికి జవాబు ఆ కార్డులోనే ఉంది. రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో సారథి అనే విభాగం ఉంటుంది. అందులో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే అది అసలుదా కాదా, ఏ బండ్లకు చెల్లుతుంది, ఎప్పటిదాకా ఉంది అన్నీ కనిపిస్తాయి. కారుకు ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) అని ఉండాలి. మోటారుసైకిల్ లైసెన్సు ఒక్కటే పెట్టుకొని కార్లు తిప్పే పిల్లలు మన జిల్లాలో తక్కువేం కాదు. ఆ కార్డుతో కారు నడిపితే లైసెన్సు లేనట్టే లెక్క. ఇంకోటి, ప్రమాదం జరిగిన ఆదివారానికి అది అమల్లో ఉండాలి. సోమవారం పోయి రెన్యువల్ చేయించుకొస్తే ఆదివారానికి పనికిరాదు.

అలాగే పాలసీ కాగితం తీసి తేదీలు చూడండి. మీ కారుకు మూడున్నరేళ్లు అన్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నా. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది, మూడేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. మన బండికి జరిగే నష్టానికి కట్టేది (ఓన్ డ్యామేజ్) మాత్రం చాలామందికి ఏడాదికే ఉంటుంది. మూడేళ్లు నిండాక రెండూ కట్టాల్సి ఉండగా, అలవాటు కొద్దీ ఒక్కటే కట్టి ‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది’ అనుకునేవాళ్లు ఉంటారు. పాలసీలో ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండింటికీ తేదీలు విడివిడిగా రాసి ఉంటాయి. ఆ ఆదివారం రెండింటి లోపలా ఉందో లేదో చూసుకోండి.

రెండూ సరిగ్గా ఉన్నాయనుకొని ముందు చెబుతాను.

ఆటో ఆయన కాలికి, ఆటో రిపేరుకు బాధ్యత చట్టం దృష్టిలో డ్రైవరుతోపాటు మీది కూడా. మీ పని మీద, మీరు పంపితే వెళ్లాడు. జీతానికి ఉన్న మనిషి పనిలో ఉండగా చేసిన తప్పుకు యజమాని జవాబు చెప్పాలి. పెట్రోలు బంకుకు వెళ్లినవాడు మధ్యలో టీ తాగడానికి నాలుగడుగులు దారి మళ్లినా మీ బాధ్యత పోదు. అయితే ఆ డబ్బు మీ జేబులోంచి పోకుండా కాపాడేందుకే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సును 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది. ఆటో ఆయన మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసే కేసులో డ్రైవరు, మీరు, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురూ ప్రతివాదులవుతారు. తీర్పులో ఎంత పడితే అంత కంపెనీ కడుతుంది. మనిషికి తగిలిన గాయానికి పైపరిమితి లేదు. ఆస్తి నష్టానికి మాత్రం మామూలు కారు పాలసీలో 7,50,000 దాకా ఉంటుంది. ప్రీమియం కాస్త తగ్గుతుందని దాన్ని 6,000కు కుదించుకునే వీలుంది. మీ పాలసీలో అలా కుదించారేమో చూడండి, ఎందుకంటే ఆటో రిపేరు 6,000 దాటితే మిగతాది మీ మీద పడుతుంది.

అందుకే పెద్దమనుషులకు ఇప్పుడు 2 లక్షలు ఒప్పుకోకండి. దీనికి కారణం పాలసీలోనే ఉంది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా మీరు తప్పు ఒప్పుకోకూడదు, ఇంత ఇస్తామని మాట ఇవ్వకూడదు, డబ్బు చెల్లించకూడదు అన్నది ప్రతి మోటారు పాలసీలో ఉండే షరతు. మీరు సొంతంగా ఇచ్చిన 2 లక్షలు కంపెనీ మీకు తిరిగి ఇవ్వదు. పైగా స్టేషన్లో నమోదైన కేసు పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితంతో దానంతటదే పోదు. రేపు ఆటో ఆయన ట్రిబ్యునల్‌కు వెళ్తే ఆ కాగితం ఆయన్ను ఆపలేదు. రాజీ కావాలంటే దానికి సరైన చోటు లోక్ అదాలత్. అక్కడ కంపెనీ వకీలు కూడా కూర్చుంటారు, డబ్బు కంపెనీ ఇస్తుంది, కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. పెద్దమనుషులతో ఇదే చెప్పండి. ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయడానికి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారని కూడా చెప్పండి. ఆయనకు న్యాయంగా రావాల్సింది ఆలస్యంతో పోకూడదు.

అలాగని ఆసుపత్రిలో ఉన్న మనిషిని పలకరించకుండా ఉండమని కాదు. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా 1,50,000 వరకు నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 నుంచి ఉంది. ఆయన్ను చేర్చిన ఆసుపత్రి ఆ పథకంలో ఉందా, పోలీసులు ప్రమాదం వివరాలు నమోదు చేశారా అని ఇవాళే కనుక్కోండి. ఏడు రోజుల గడువు తొందరగా అయిపోతుంది. మందులకో, ఇంటి ఖర్చుకో మీరు కొంత ఇస్తే మంచిదే. రసీదు తీసుకోండి, దాని మీద ‘సహాయం’ అని రాయించండి. ‘తప్పు మాదే, పరిహారం’ అని ఎక్కడా సంతకం చేయకండి. తప్పు ఎవరిది, ఎంత శాతం అన్నది ఇంకా తేలలేదు. ఆటో ఇండికేటరు వేయకుండా మళ్లిందా, ఎదురు దారిలో వచ్చిందా అన్నవి ట్రిబ్యునల్ చూస్తుంది. ఎఫ్ఐఆర్‌లో మీ అబ్బాయి పేరు ఉన్నంత మాత్రాన మొత్తం తప్పు అతనిదే అని తేలిపోదు. రోడ్డు, టైరు గుర్తులు, రెండు బండ్లు ఆగిన తీరు ఫొటోల్లో ఉంటే భద్రపరచండి. దగ్గర్లో దుకాణాల కెమెరాలు ఉంటే రికార్డింగు చెరిగిపోయేలోపు అడగండి.

షెడ్డువాళ్ల సలహా గురించి గట్టిగా చెప్పాలి. మీ వారు నడిపినట్టు రాయకండి. దానివల్ల మీకు పైసా లాభం లేదు. లైసెన్సున్న మనిషి మీ అనుమతితో నడిపితే, యజమాని నడిపినప్పుడు ఎంత క్లెయిమ్ వస్తుందో అంతే వస్తుంది. ఆ అబద్ధానికి ఉపయోగం డ్రైవరుకు లైసెన్సు లేనప్పుడే ఉంటుంది, అప్పుడు అది మోసమవుతుంది. నిలబడదు కూడా. మీ అబ్బాయి ముంజేతికి ఆసుపత్రిలో కట్టు కట్టించుకున్నప్పుడు రోడ్డు ప్రమాదం అని రిజిస్టరులో రాసి ఉంటారు. ఎఫ్ఐఆర్‌లో పేరు ఉంటుంది. పెళ్లి మండపంలో మీ వారు నూరు ఫొటోల్లో ఉంటారు. కంపెనీ దర్యాప్తు మనిషిని పంపితే ఒక్క పూటలో బయటపడుతుంది, మొత్తం క్లెయిమ్ పోతుంది. ఇంకా పెద్ద ప్రమాదం ఏమిటంటే, నిర్లక్ష్యంగా నడిపి తీవ్రంగా గాయపరిచినందుకు భారతీయ న్యాయ సంహిత 125(బి) కింద మూడేళ్ల దాకా శిక్షకు అవకాశమున్న కేసు. దాన్ని మీ వారు తన నెత్తిన వేసుకున్నట్టవుతుంది. క్రిమినల్ కేసులో శిక్ష నడిపినవాడికే. యజమానికి డబ్బు బాధ్యత ఉంటుంది కానీ, డ్రైవింగు తప్పుకు జైలు ఉండదు. అబ్బాయికి వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే కడప కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. మీరే పెట్టిస్తే ఇంకా మేలు.

ఇక కారు రిపేరు. కంపెనీకి ఇంకా చెప్పకపోతే ఈ పూటే ఫోను చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఆలస్యానికి కారణం ఉంటే రాసి ఇవ్వండి. గాయాల కేసు కాబట్టి బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండిని చూడాలి, కంపెనీ సర్వేయరు చూడాలి. ఈ ఇద్దరూ చూడకముందు షెడ్డులో ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. విప్పేశాక ‘ఈ పార్టు ఈ ప్రమాదంలోనే పోయిందని ఎట్లా నమ్మాలి’ అంటారు, దానికి మీ దగ్గర జవాబు ఉండదు. పాత పార్టులు పారేయకుండా సర్వేయరు మళ్లీ చూసేదాకా ఉంచమనండి. క్లెయిమ్ ఫారంతో ఆర్‌సీ, పాలసీ, డ్రైవరు లైసెన్సు, ఎఫ్ఐఆర్ నకలు, ఎస్టిమేట్ పెట్టాలి. ఫారంలో నడిపింది ఎవరు అన్నచోట ‘పెయిడ్ డ్రైవరు’ అని రాయండి.

1,34,000లో ఎంత వస్తుందో లెక్క వేద్దాం. మీరు జీరో డిప్రిసియేషన్, అంటే పార్టులు పాతబడ్డాయని కోత పెట్టకుండా ఇచ్చే అదనపు కవరు, తీసుకోలేదనుకుంటున్నా. ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు కంపెనీ సగమే ఇస్తుంది. మూడు దాటి నాలుగేళ్లలోపు కారు ఇనుప పార్టులకు 25 శాతం కోస్తుంది. అద్దానికి కోత లేదు. లేబరుకూ లేదు. పెయింటింగు మొత్తం బిల్లులో పావు వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం కోస్తారు. ఉదాహరణకు మీ బిల్లు ఇలా ఉందనుకోండి: బంపరు 12,000, హెడ్‌లైట్లు రెండూ 22,000, బానెట్ 18,000, ఫెండరు 8,000, రేడియేటరు, కండెన్సరు కలిపి 20,000, ముందు అద్దం 10,000, లేబరు 20,000, పెయింటు 20,000, కూలెంటు, ఏసీ గ్యాసు, నట్లు, క్లిప్పులు 4,000. బంపరుకు 6,000, లైట్లకు 11,000, బానెట్‌కు 13,500, ఫెండరుకు 6,000, రేడియేటరు, కండెన్సరుకు 15,000, అద్దానికి 10,000, లేబరుకు 20,000, పెయింటుకు 17,500 వస్తాయి. కూలెంటు, క్లిప్పుల్లాంటి వాటికి ఏమీ రాదు. మొత్తం 99,000. 1,500 సీసీ లోపు కారు కాబట్టి తప్పనిసరి కోత 1,000 పోను కంపెనీ ఇచ్చేది 98,000. మీ చేతి నుంచి పడేది 36,000. దీనికి తోడు నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఇప్పటిదాకా క్లెయిమ్ లేకపోతే వచ్చే రెన్యువల్‌లో మీకు 45 శాతం తగ్గింపు రావాలి, అది సున్నా అవుతుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అయితే 3,600 పోయినట్టు. ఆ బోనస్ కోసం ఇంత పెద్ద బిల్లును సొంతంగా కట్టుకోవడం తెలివి కాదు. గేటుకు రాసుకుపోయిన గీత లాంటిదైతే వేరే మాట, దానికి క్లెయిమ్ వేయకపోవడమే లాభం.

ఇప్పుడు మీ బావగారి మాట. నెలకు 5,000 చొప్పున 1,34,000 తీరాలంటే 27 నెలలు పడుతుంది. 14,000 సంపాదించేవాడు రెండేళ్లకు పైగా 9,000తో ఇల్లు నడపాలి. పైగా మీకు నిజంగా పోయింది 1,34,000 కాదు, దాదాపు 40,000. కంపెనీ దగ్గర తీసుకున్న సొమ్మునే అతని దగ్గర మళ్లీ వసూలు చేస్తే అది నష్టం పూడ్చుకోవడం కాదు. ఫ్యాక్టరీ కార్మికుడి జీతంలో నష్టం కోసం కోత పెట్టాలన్నా, 1936 నాటి వేతనాల చట్టం నుంచీ కొన్ని హద్దులు ఉన్నాయి. అతని నిర్లక్ష్యం వల్లే నేరుగా జరిగిన నష్టమై ఉండాలి, ముందు అతని వాదన వినాలి, అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. ఇంట్లో పనిచేసేవాడికి అంతకంటే తక్కువ మర్యాద ఎందుకు?

ప్రామిసరీ నోటు అయితే అసలే వద్దు. తండ్రి బండి నడపలేదు, మీ దగ్గర డబ్బు తీసుకోలేదు. తీసుకోని అప్పుకు నోటు రాయించుకోవడం అబద్ధపు కాగితం పుట్టించడమే. ‘అప్పు తీరేదాకా మా ఇల్లు వదిలి పోకూడదు’ అన్న షరతు ఒక్కటి దానికి తోడైతే, అది 1976 చట్టం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. దానికి మూడేళ్ల దాకా జైలు ఉంది. అతని ఆధార్ కార్డో, లైసెన్సో, బ్యాంకు పుస్తకమో తీసి బీరువాలో పెట్టుకోవడం కూడా మానండి.

నా ఉద్దేశం సూటిగా చెబుతాను. రోజూ రోడ్డెక్కే మనిషికి ఎప్పుడో ఒకసారి జరిగే పొరపాటు ఖర్చు, కారు పెట్టుకొని, మనిషిని పెట్టుకొని, ఆ సౌకర్యం అనుభవించే ఇంటిదే. తాగి నడిపితే, ఫోను చూస్తూ నడిపితే, మీకు చెప్పకుండా తిరుపతికి కిరాయి కొట్టి గుద్దితే సంగతి వేరు. సొంత కారు కిరాయికి తిప్పితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ కంపెనీ తోసేస్తుంది కూడా. అలాంటప్పుడు పనిలోంచి తీసేయవచ్చు, నష్టంలో కొంత అడగవచ్చు. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ కనబడలేదు. మాట్లాడుకొని అతనే కొంత ఇస్తానంటే, అది మీకు నిజంగా పోయినదాంట్లో చిన్న వాటాగా, వడ్డీ లేకుండా, ఒక కాగితం మీద రాసుకొని, అతనికీ ఒక నకలు ఇచ్చి తీసుకోండి. అసలు ప్రమాదం ముందు రాత్రి అతను ఎన్ని గంటలు నిద్రపోయాడో కూడా అడగండి. పెళ్లిళ్ల రోజుల్లో అర్ధరాత్రి దాకా చుట్టాలను దింపించి, తెల్లారి మళ్లీ స్టీరింగు పట్టించడం మన ఇళ్లలో మామూలైపోయింది. నిద్ర లేని డ్రైవరు చేసిన తప్పులో ఆ ఇంటివాళ్ల వాటా కూడా ఉంటుంది.

మీ ఉత్తరంలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది, అతని ముంజేయి. పనిలో ఉండగా దెబ్బ తగిలిన డ్రైవరుకు, తప్పు అతనిదైనా సరే, యజమాని పరిహారం ఇవ్వాలి. 1923 ఉద్యోగుల నష్టపరిహార చట్టం నుంచి వస్తున్న సూత్రం ఇది. వైద్యం ఖర్చు అసలు బిల్లు ప్రకారం ఇవ్వాలి. చెయ్యి పనికిరాని రోజులకు ప్రతి పదిహేను రోజులకూ నెల జీతంలో నాలుగో వంతు, అంటే 14,000 మీద 3,500, నెలకు 7,000 పడుతుంది. అది చట్టం చెప్పే కనీసం. పూర్తి జీతం ఇస్తే ధర్మం. ఆలస్యం చేస్తే వడ్డీ, జరిమానా పడతాయి. మీ పాలసీ ప్రీమియం పట్టికలో ‘లీగల్ లయబిలిటీ టు పెయిడ్ డ్రైవర్’ అని 50 రూపాయలు కట్టి ఉంటారు చూడండి. ఆ భారాన్ని కంపెనీ మోయడానికే ఆ 50. ఈ క్లెయిమ్ కూడా వేయవచ్చని షెడ్డులో ఎవరూ చెప్పరు, వాళ్లకు కారుతోనే పని.

ఇక లైసెన్సు సరిగ్గా లేదని తేలితే. కారు రిపేరుకు కంపెనీ ఏమీ ఇవ్వదు, 1,34,000 మొత్తం మీదే. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చినందుకు మీకు, నడిపినందుకు అతనికి చెరో 5,000 జరిమానా పడుతుంది, జైలుకూ చట్టంలో వీలుంది. ఆటో ఆయనకు మాత్రం అన్యాయం జరగదు. కంపెనీ ముందు ఆయనకు కట్టి, ఆ తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. అయితే స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఒక రక్షణ ఇచ్చింది. యజమాని లైసెన్సు చూసి, అది అసలైనదేనని నమ్మి, తగిన జాగ్రత్త తీసుకొని ఉంటే, అది నకిలీదని తర్వాత తేలినా యజమానిని తప్పు పట్టకూడదు. తెలిసీ ఇచ్చాడని, లేదా పట్టించుకోలేదని నిరూపించాల్సింది కంపెనీ. మీరు అసలు చూడనే లేదు కాబట్టి ఆ రక్షణ మీకు గట్టిగా దొరకదు. అలాగని ఇప్పుడు పాత తేదీతో కాగితాలు పుట్టించకండి. కంపెనీతో మాట్లాడకముందే మోటారు ప్రమాద కేసులు చూసే వకీలును కలవండి.

అబ్బాయిని కొనసాగిస్తే, లైసెన్సు నకలు తీసి పెట్టుకోండి, ప్రతి ఏడాదీ సారథిలో తేదీ చూడండి. రెన్యువల్‌లో జీరో డిప్రిసియేషన్, కన్స్యూమబుల్స్ (కూలెంటు, క్లిప్పుల్లాంటివి) కవరు, డ్రైవరుకు పర్సనల్ యాక్సిడెంట్ కవరు అడగండి. మొదటి రెండూ ఉండి ఉంటే పై లెక్కలో మీ చేతి ఖర్చు 36,000 నుంచి దాదాపు 1,000కి దిగేది.

కంపెనీ క్లెయిమ్ తోసేస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టవచ్చు. నెలలోపు సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తోసేసిన ఏడాదిలోపు చేయాలి.